నేనిచ్చిన గోత్రం

పోయిన శనివారం మా ప్లేనో గుడిలో అర్చన టికెట్టు కోసం వెళితే, కౌంటరు దగ్గర ఎప్పుడూ కూర్చునే వాలంటీరు గారి బదులు ఒక టచ్‌స్క్రీన్ నిలబడి ఉంది. మనిషికైతే కుర్చీ వేసేవారు, యంత్రం కాబట్టి నిలబెట్టారు. పేరు అడిగింది, కొట్టాను. నక్షత్రం అడిగింది, చెప్పాను. గోత్రం అన్నచోట వేలు పెట్టగానే పొడుగాటి జాబితా ఒకటి కిందికి జారింది. మా గోత్రం అందులో లేదు. ఇది నాకు కొత్త కాదు. మా గోత్రం ఎంత అరుదైనదంటే, ఏ పురోహితుడికైనా రెండోసారి చెప్పాలి. మూడోసారి ఆయన మనల్నే సరిదిద్దబోతే మర్యాదగా అడ్డుపడాలి. దాని పేరు ఇక్కడ రాస్తే మా ఇంటి తాళంచెవి గుమ్మానికి వేలాడగట్టినట్టే, అందుకని రాయను. జాబితా చివరిదాకా వెళ్లాను. అట్టడుగున 'తెలియదు' అని ఒక గడి ఉంది. దాన్ని నొక్కితే పక్కన 'కాశ్యప' అని దానంతట అదే పడింది. గోత్రం తెలియనివాళ్లకి కాశ్యప అని చెప్పడం మన ఆచారమే, కంప్యూటరు కనిపెట్టింది కాదు. ఆ గడి మీద పెట్టిన వేలు నేనెంతసేపు తియ్యలేదో గాని, వెనక నిలుచున్నావిడ, "అంకుల్, హ్యాంగ్ అయ్యిందా?" అంది. "అది కాదమ్మా, నేను," అన్నాను. ఆవిడ నవ్వింది. నేనూ నవ్వి, టికెట్టు తీసుకోకుండానే కారెక్కాను.

ఉద్యోగాలు వదిలాక మగవాళ్లు రెండు రకాలుగా చెడిపోతారని మా ఆవిడ సిద్ధాంతం. కొందరు షేర్లలో దిగుతారు, కొందరు పూర్వీకుల్లో దిగుతారు. మొదటిరకంవాళ్లు ఉన్నది పోగొట్టుకుంటారు. రెండోరకంవాళ్లు పోయినవాళ్లని పోగేసుకుంటారు. నేను రెండోరకం. ముప్పయ్యేళ్లు ఒక కంపెనీలో డేటాబేస్ చూసుకున్నాను. నా పనల్లా ఎవరికి ఏ టేబుల్ చూపించాలి, ఎవరికి చూపించకూడదు, ఎవరు చూసి ఊరుకోవాలి, ఎవరు చెయ్యిపెట్టవచ్చు అని తేల్చడం. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తప్పుడు మనిషికి తలుపు తియ్యలేదని మెచ్చుకుంటూ, వెళ్లేరోజున ఒక గాజుపలక మీద నా పేరు చెక్కించి ఇచ్చారు. ఆ గాజుపలక పక్కన కూర్చునే ఇప్పుడు చెప్పబోయే పని చేశాను.

తాతగారి చేతిరాతలో ఉన్న ఒక కాగితంతో మొదలుపెట్టి నాలుగేళ్లలో తొమ్మిది తరాలు పైకెక్కాను. వంశవృక్షం తలకిందుల చెట్టు. ఎక్కేకొద్దీ కొమ్మలు కాదు, వేళ్లు తగులుతాయి. తాతగారి కాగితంలో ఆడపిల్లలు లేరు. కొడుకుల కింద కొడుకులు, వాళ్ల కింద కొడుకులు. కూతుళ్లకి కనీసం ఒక చుక్కయినా పెట్టలేదు. తప్పిపోయిన ఆ ఆడవాళ్లందరినీ వెతికి మళ్లీ చెట్టెక్కిస్తానని నేను ప్రతిజ్ఞ చేశాను. పోయిన ముత్తవ్వల పేర్లు కొన్ని దొరికాయి కూడా. పాత పెళ్లిపత్రికలు చూసి, ముసలివాళ్లకి ఫోన్లు చేసి, ఒక్కొక్క పేరూ గడిలో పెట్టినప్పుడల్లా మా ఆవిడని పిలిచి చూపించేవాణ్ణి. ఆవిడ చేతిలో పని ఆపకుండానే, "ఆవిడకి ఇప్పుడెలా ఉందిట?" అని అడిగేది.

మూడేళ్ల కిందట మా అమ్మాయి సేల్‌లో రెండు డీఎన్‌ఏ కిట్లు కొనిచ్చింది. ఒక గొట్టంలో గీత దాకా ఉమ్మి, మూత బిగించి పోస్టులో వెయ్యాలి. మా ఆవిడ తన గొట్టం పెట్టె కూడా విప్పలేదు. "నా పుట్టింటివాళ్లెవరో నాకు తెలుసు. తెలియనివాళ్లు ఉంటే, వాళ్లని అలాగే ఉండనివ్వండి," అంది. నేను మాత్రం ఉమ్మి పంపాను. ఆరువారాలకి జవాబొచ్చింది. 'బంధువు కావచ్చు' అనే శీర్షిక కింద దూరపు చుట్టాలు కొందరు. అందరికన్నా పైన ఒకే ఒక్క దగ్గర మనిషి, తొలి తరం కజిన్ అని. ఆడమనిషి. ఊరు అల్ఫారెట్టా. నాకున్న కజిన్లని లెక్కపెట్టడానికి ఒక్క వేలు చాలు. అమ్మకి తోడబుట్టినవాళ్లు లేరు. నాన్నగారికి ఉన్నది ఒక్కడే తమ్ముడు, మా బాబాయి. ఆయనకి ఒక్కడే కొడుకు, షాంటిలీలో ఉంటాడు. మూడురోజులపాటు మా నాన్నగారినే అనుమానించాను. ఆయన కూతురే అయితే మా ఇద్దరికీ ఇంతకు రెట్టింపు కలవాలని లెక్క తేలాక, పోయినాయనకి మనసులోనే క్షమాపణ చెప్పుకుని, ఉన్నాయన వైపు తిరిగాను. 'ఉమ్మడి కుటుంబం విడిపోయిన యాభై ఏళ్లకి ఉమ్ముడు కుటుంబం బయటపడిందన్నమాట' అని ఒక ముక్క తోచింది. మా ఆవిడకి వినిపించాను. నవ్వలేదు. "బాబాయిగారికి ఎనభై ఏళ్లు," అంది, అంతే.

నా చెట్టు పెట్టింది కూడా ఆ కిట్లవాళ్ల సైటులోనే. అందులో ఒక పేజీ ఉంది. బంధువులు కావచ్చు అనుకున్నవాళ్లతో మన పరిశోధన ఎలా పంచుకోవాలో, ఎంతవరకు పంచుకోవాలో చెప్పే పేజీ. అప్పుడు చదవలేదు, తరవాత చాలాసార్లు చదివాను. అందులో ఉన్నవన్నీ మన ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పేవే. ముందు అవతలివాళ్లకి ఎంత తెలుసో కనుక్కో. బతికున్నవాళ్ల సంగతి వాళ్లనడక్కుండా చెప్పకు. ఉన్నదంతా ఒకేసారి గుమ్మరించకు. నేను గుమ్మరించాను. మొదటి ఉత్తరంతోనే చెట్టు మొత్తం చూసే అనుమతి ఇచ్చేశాను, ఫోటోలతో సహా. అది చాలనట్టు వరస కలిపాను. నాకన్నా నాలుగేళ్లు చిన్నదని తెలియగానే 'చెల్లెమ్మా' అని మొదలుపెట్టాను. ఈ అమెరికాలో మనం కనిపించిన ప్రతివాళ్లనీ ఆంటీ, అంకుల్ అని సరిపెట్టుకుంటాం. ఆ రెండు మాటలూ ఎవరికైనా ఇవ్వవచ్చు, ఇచ్చినందుకు మనకేమీ తరగదు. చెల్లెలు అనే మాట అలాంటిది కాదు. అది ఇస్తే దాని వెనక బాబాయి, పిన్ని, తమ్ముడు, వాడి కూతురు, అందరూ వరసగా వచ్చి నిలబడతారు. నేను వాళ్లెవర్నీ అడగలేదు.

రెండు రోజుల తరవాత ఆమె ఫోన్ చేసింది. ఫార్మసిస్టు. పెళ్లి చేసుకోలేదు. వాళ్లమ్మ ఒక డ్యామ్ ప్రాజెక్టు కాలనీ ఆసుపత్రిలో నర్సుగా చేసి, అక్కడే రిటైరై, ఈమధ్యే పోయింది. తండ్రి గురించి ఆవిడ జీవితం మొత్తంలో చెప్పింది రెండే ముక్కలు. ఇంజనీరు. బదిలీ అయ్యాడు. చచ్చిపోయాడని అనలేదు, మోసం చేశాడనీ అనలేదు, బదిలీ అయ్యాడు. మా బాబాయి పెళ్లికి ముందు చేసిన మొట్టమొదటి ఉద్యోగం ఆ ప్రాజెక్టులోనే. ఆ మాట నేనే చెప్పాను. తరవాత ఆమె తన సంగతి చెప్పింది, ఎవరిదో కథ చెబుతున్నట్టు.

"సంబంధాలు రాకపోలేదు అన్నయ్యా. పిల్ల నచ్చేది, చదువు నచ్చేది. గోత్రం దగ్గర ఆగిపోయేది. ఏదో ఒకటి చెప్పేద్దామండీ అనేవాడు మధ్యవర్తి. అమ్మ ఒప్పుకునేది కాదు. తెలియకపోతే తెలియదని చెప్పు, దొంగది మాత్రం పెట్టుకోకు అనేది. మూడు సంబంధాలయ్యాక నేనే ఇంక వద్దన్నా. ఇక్కడ గుడిలో కూడా అంతే. గోత్రం అంటారు పంతులుగారు, తెలియదండీ అంటా. ఆయన వెంటనే కాశ్యప అనేస్తారు. చాలా ఫాస్ట్‌గా అంటారు, పక్కవాళ్లు వినకూడదన్నట్టు."

నేనేం చేశానో ఊహించే ఉంటారు. మా గోత్రం చెప్పేశాను. పలకడం కష్టమని అక్షరం అక్షరం పలికించాను. అటువైపు కాగితం మీద కలం గీసుకుంటున్న చప్పుడు వినిపించింది. "రెండో అక్షరం కింద వత్తు ఉందా అన్నయ్యా?" అని అడిగింది. ఉందన్నాను. ఆ వత్తు పెట్టడానికి ఆమె చాలాసేపు తీసుకుంది.

ఆమె అడిగింది ఒక్కటే. ఒక్కసారి ఆయన్ని చూడాలి, కాళ్లకి దండం పెట్టాలి. "ఎవరికీ ఏమీ చెప్పను. నేనెవరో ఆయనకి కూడా తెలియక్కర్లేదు. చూసి వచ్చేస్తాను." అడగవలసింది ముందు బాబాయిని. అడగడం కష్టమేం కాదు. ఆయన ప్రతి ఆదివారం ఉదయం ఫోన్ చేసి నాకు వాతావరణం చెప్పేవాడు, షాంటిలీది కాదు, ప్లేనోది. ఆయన ఫోనులో చూసి వర్షం అనేవాడు, నేను కిటికీలోంచి చూసి అవునండీ అనేవాణ్ణి. నాన్నగారు పోయిన దగ్గర్నుంచి నాకు ఆ వాతావరణమే తండ్రి. దాన్ని చెడగొట్టుకోవడం ఇష్టంలేక అడగలేదు. ఆ వేసవిలోనే ఆయనకి సహస్ర చంద్ర దర్శనం చేస్తున్నామని తమ్ముడు పిలిచాడు. వెయ్యి పున్నములు చూసిన మనిషిని చూడ్డానికి వందమంది వస్తారు. అందులో ఇంకొక మనిషి ఎవరికి కనిపిస్తుంది అనుకున్నాను. మా ఆవిడ స్నేహితురాలని చెప్పి తీసుకెళదామన్నాను.

"నా స్నేహితురాలా? ఎప్పట్నుంచి?" అంది మా ఆవిడ.

"మార్చి నుంచి."

"మీకు చెట్టు మీద ఉన్న ప్రేమ మనుషుల మీద లేదు. అందులో గడి ఖాళీగా ఉంటే మీకు నిద్రపట్టదు. ఆ పిల్లని తీసుకెళ్లి అక్కడ అతికించేసి, చేతులు దులుపుకుని వస్తారు."

"పిల్లేమిటి, యాభై ఆరేళ్లు."

"ఆశకి వయసేమిటండీ?" అంది.

షాంటిలీలో తమ్ముడి ఇంట్లో హోమం గరాజులో పెట్టారు. రెండు కార్లనీ వీధిలో నిలిపి, షట్టరెత్తేసి, నేలమీద కార్పెట్లు పరిచి, వెనకాల మడత కుర్చీలు వరసలుగా వేశారు. గోడకి సైకిళ్లు వేలాడుతున్నాయి, గడ్డి కోసే యంత్రం మీద ఒక పట్టుశాలువా కప్పి ఉంది. లోపల పొగ పసిగట్టే అలారాలకి తమ్ముడు షవర్ క్యాపులు తొడిగాడు. "ఫైర్ ఇంజిన్ వచ్చినా నో ప్రాబ్లం అన్నయ్యా, ప్లేట్లు ఎక్స్‌ట్రా చెప్పా," అన్నాడు. బాబాయి కొత్త పంచెలో, పిన్ని పక్కన పీటల మీద కూర్చున్నాడు. ఆయన చిన్నప్పట్నుంచీ ఏదైనా శ్రద్ధగా వింటున్నప్పుడు ఎడమచెవి తమ్మె పట్టుకుని లాక్కుంటాడు. మంత్రాలు వింటూ లాక్కుంటున్నాడు. వెనక్కి తిరిగి చూశాను. మూడో వరసలో, మడతల గీతలు ఇంకా పోని ఆకుపచ్చ పట్టుచీరలో, ఆమె ఆయన్నే చూస్తూ ఎడమచెవి తమ్మె లాక్కుంటోంది. నాకు ఒళ్లు ఝల్లుమంది, సంతోషంతోనే. మళ్లీ ముందుకు తిరిగితే పిన్ని కూడా అటే చూస్తోంది.

తమ్ముడి కూతురు, కాలేజీలో చదువుతోంది, అక్షింతల పళ్లెం పట్టుకుని తిరుగుతూ ఆమె దగ్గర ఆగింది. "హాయ్ ఆంటీ! అక్షింతలు తీస్కోండి. మీకు తాతయ్య ఎలా తెల్సు?" అంది తన అమెరికా తెలుగులో. "ఇంకా తెలియదమ్మా," అంది ఆమె. పిల్ల జోక్ అనుకుని నవ్వేసింది.

పూర్ణాహుతి అయ్యాక పురోహితుడు, మంచి హుషారైనాయన, అందరికీ ఆశీర్వచనం చేస్తానన్నాడు. "వరసగా గోత్రనామాలు చెప్పండి. మైకు పాస్ చెయ్యండి, ఈ ఫ్యాన్ల హోరులో నాకు వినపడదు." మైకు మొదటి వరసలో బయల్దేరింది. భారద్వాజలు, కౌండిన్యులు, హరితులు దాటుకుంటూ వెనక్కి పోతుంటే అప్పుడు తట్టింది నాకు. ఎవరైనా అడిగితే ఏ ఊరని చెప్పాలి, మా ఆవిడకి ఎక్కడ పరిచయమని చెప్పాలి, అన్నీ కారులో రెండుసార్లు అప్పజెప్పించాను. ఇదొక్కటి అనుకోలేదు. నలుగురు తెలుగువాళ్లు చేరి కార్యం చేసుకునేచోట మొట్టమొదట అడిగేదే ఇది. లేచి వెళ్లేలోగా మైకు ఆమె చేతిలోకి వచ్చింది. ఆమె ముందు తన పేరు చెప్పింది. తరవాత మా గోత్రం చెప్పింది. తడుముకోలేదు. రెండో అక్షరం కింద వత్తు కూడా పోనివ్వలేదు. ఇన్నేళ్లలో మొదటిసారి ఆ ప్రశ్నకి ఆమె దగ్గర జవాబుంది.

"ఓహో! యజమాని గారి గోత్రమే!" అన్నాడు పురోహితుడు ఆనందంగా. "ఈ గోత్రంవాళ్లని వీళ్లింట్లో తప్ప నేనెక్కడా చూళ్లేదు. వీరికేమవుతారమ్మా మీరు?"

ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఆమె బాబాయి వైపు చూడలేదు. నా వైపు చూసింది. ఎవరికీ చెప్పనని మాటిచ్చింది కాబట్టి, చెప్పవలసింది నేను. "హూ ఈజ్ షీ, అన్నయ్యా?" అన్నాడు తమ్ముడు, నవ్వుమొహంతోనే. వాడి కూతురు పళ్లెంతో సహా నా వైపు తిరిగింది. "సో, మనకి రిలేటెడ్ ఆ, పెదనాన్నా?"

నాకు ఆ క్షణంలో ఎన్నో జవాబులు ఉన్నాయని తరవాత మా ఆవిడ ఒక్కొక్కటిగా చెప్పింది. దూరపు చుట్టం అనవచ్చు. తరవాత చెబుతాను కూర్చోండి అనవచ్చు. ఏమీ అనకుండా ఉండవచ్చు. నేను, నాలుగు నెలలపాటు ప్రతి ఉత్తరం 'చెల్లెమ్మా' అని మొదలుపెట్టినవాణ్ణి, లేచి నిలబడి, గొంతు సవరించుకుని అన్నాను: "లేదమ్మా. మీ పెద్దమ్మకి తెలిసినావిడ. ఏదో పొరపాటు పడ్డారు. ఆంటీ. ఊరికే ఆంటీ."

బాబాయి చెవి వదిలేసి ఆమె వైపు చూశాడు. ఎక్కువసేపు కాదు. ఆ చూపులో ఇంకేమున్నా, తెలియకపోవడం మాత్రం లేదు. "కాశ్యప అని చెప్పండి పంతులుగారూ," అన్నాడు. మైకు లేకపోయినా ఆఖరి వరసదాకా వినిపించింది. "గోత్రం తెలియనివాళ్లకి అదే కదా చెబుతారు? పాపం ఆవిడకి ఆశీర్వచనం తప్పిపోవడం ఎందుకు?" నా వెనక కూర్చున్నాయన పక్కాయనతో, "ఎంత పెద్దమనసండీ," అన్నాడు. పురోహితుడు కాశ్యప అన్నాడు. చాలా ఫాస్ట్‌గా అన్నాడు.

ఆమె లేచి వెళ్లిపోలేదు. దండాల వరసలో నిలబడింది. తన వంతు వచ్చాక వంగి ఆయన పాదాలు ముట్టుకుంది. ఆయన కాళ్లు వెనక్కి తీసుకోలేదు, ముందుకీ జరపలేదు. పరాయివాళ్లు దండం పెట్టేటప్పుడు ఎలా ఉంచుతామో అలా ఉంచి, నాలుగు అక్షింతలు వేసి, తరవాతివాళ్ల వైపు చూశాడు. పక్కన పిన్ని ఆడవాళ్లకి బొట్టుపెట్టి రవికెగుడ్డల సంచులు ఇస్తోంది. ఆమె నుదుట బొటనవేలు ఆన్చి, "పెళ్లయిందా?" అని అడిగింది. "లేదండీ," అంది ఆమె. "పోనీలే," అంది పిన్ని. "గోత్రం తెలియనిచోట ఎవరు మాత్రం చేసుకుంటారు." ఎంత మెత్తగా అందంటే, వెనక నిలుచున్నావిడ అది ఓదార్పనుకుని జాలిగా తలూపింది. ఆమె సంచి అందుకుని, థాంక్సండీ అంది. భోజనం కూడా చేసింది. గుత్తివంకాయ చాలా బావుందని తమ్ముడి భార్యతో చెప్పింది. నేను మాత్రం నా ప్లేటు పట్టుకుని గడ్డి కోసే యంత్రం పక్కన నిలబడి, అది ఏ కంపెనీదో చదువుతూ భోజనం ముగించాను.

ఎయిర్‌పోర్టుకి నేనే డ్రైవ్ చేశాను. మా ఆవిడ ముందు సీటు వదిలేసి వెనక ఆమె పక్కన కూర్చుంది, ఇద్దరూ కలిసి టాక్సీ మాట్లాడుకున్నట్టు. సగం దూరం వెళ్లాక నేను అద్దంలో చూస్తూ, "చెల్లెమ్మా..." అని మొదలుపెట్టాను.

"ఒక్కరోజు ముందు చెప్పుంటే బావుండేదండీ," అంది ఆమె. అండీ అనడం అదే మొదలు. కోపంగా అనలేదు. "కాశ్యప అనేదాన్ని. నాకు అలవాటే కదా. మీరిచ్చింది కాబట్టి దొంగది కాదనుకున్నా."

 దిగేటప్పుడు మా ఆవిడ ఆమెని గట్టిగా పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నేను ట్రంకులోంచి పెట్టె తీసి ఫుట్‌పాత్ మీద నిలబెట్టాను. చక్రాల పెట్టె, కాస్త వాలుగా ఉంది నేల; అది జారిపోకుండా పట్టుకోవడం ఒక పనిగా దొరికినందుకు సంతోషించాను.

తరవాతి ఆదివారం ఉదయం బాబాయి మామూలుగానే ఫోన్ చేశాడు. "సాయంత్రం మీకు వడగళ్లట. కారు లోపల పెట్టుకో." సరే అన్నాను. "నీ చెట్టు ఎంతవరకు వచ్చిందిరా?" అన్నాడు. అంతకు ముందెప్పుడూ అడిగినవాడు కాదు. "అయిపోయింది బాబాయ్," అన్నాను. "మంచిది. అయిపోయినదాన్ని ఇంక ముట్టుకోకు," అని పెట్టేశాడు. ఆ సాయంత్రం నిజంగానే వడగళ్లు పడ్డాయి. తమ్ముడు ఏమీ అడగలేదు. తన పేరూ, కూతురి పేరూ చెట్టులోంచి తీసెయ్యమని ఒక మెసేజ్ పెట్టాడు, చివర్లో ప్లీజ్ అని. తీసేశాను. వేళ్లు వెతకబోయి మనుషుల్ని వేరు చేసి వచ్చానని మా ఆవిడకి చెబితే, "మాటలకేం, బానే వస్తాయి మీకు," అంది. అల్ఫారెట్టాకి మూడు ఉత్తరాలు మొదలుపెట్టాను. మూడూ ఎలా సంబోధించాలో తెలియక మొదటి మాట దగ్గరే ఆగిపోయాయి.

పోయిన ఏడాది ఫిబ్రవరిలో బాబాయి నిద్రలోనే పోయాడు. నేను వెళ్లి, దహనం చూసి, ప్లేనో వచ్చి మైల పట్టాను. అన్న కొడుకుని కాబట్టి నాకూ పదిరోజులే. గుడి లేదు, గడ్డం గీసుకోవడం లేదు. ఖాళీగా కూర్చోలేక అలవాటు కొద్దీ చెట్టు తెరిచి, ఆయన గడిలో పోయిన తేదీ నింపాను. అలా నింపితే చెట్టు చూసే అనుమతి ఉన్నవాళ్లందరికీ సైటు కబురు పెడుతుంది. ఆమె అనుమతి నేనెప్పుడూ తీసెయ్యలేదు. అభిమానం కొద్దీ ఉంచానని రాసుకోవచ్చు గాని, తీసేస్తే ఆమెకి తెలుస్తుందని భయపడి ఉంచాను. ఆ మర్నాడే, అంటే ఆయన పోయిన నాలుగోరోజున, ఆమె దగ్గర్నుంచి ఈమెయిల్ వచ్చింది. ఒక్క వాక్యం.

"నమస్కారమండీ. పెళ్లికాని కూతురికి మైల ఎన్ని రోజులు?"

పది. ఎవర్నడిగినా చెబుతారు. పెళ్లయి వెళ్లిన కూతురికి మూడు, పెళ్లికానిదానికి పది. ఎవరికీ తెలియకుండా, అల్ఫారెట్టాలో ఒక అపార్ట్‌మెంటులో, తనకి తానే పట్టదలచుకున్న మైల. ఇచ్చేవాడికి ఖర్చులేని జవాబు. కానీ ఈలోగా నేను ఆ పేజీ చదివి బుద్ధి తెచ్చుకున్నవాణ్ణి. బతికున్నవాళ్లనడక్కుండా ఏదీ చెప్పకూడదు. ఈ ఒక్కసారైనా పద్ధతిగా చేద్దామని తమ్ముడికి ఫోన్ చేశాను. అటు ఇంటినిండా జనం, పురోహితుడి గొంతు. "అన్నయ్యా, ఇప్పుడా? కర్మ అవనీ. అయ్యాక మాట్లాడదాం," అన్నాడు. న్యాయమే కదా అనిపించింది.

"ఒక్క అంకె," అంది మా ఆవిడ. "పది అని కొట్టి పంపించలేరా?"

"వాళ్లనడక్కుండా ఎలా?"

ఆవిడ నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూసి, లేచి లోపలికి వెళ్లిపోయింది. ఆమె ఫోన్ నంబరు మా ఆవిడ దగ్గర ఉండేది కాదు, నా దగ్గరే ఉండేది. అడిగితే ఇచ్చేవాణ్ణో లేదో కూడా ఇప్పుడు చెప్పలేను.

తమ్ముడు పన్నెండోరోజు అయ్యాక చేశాడు. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు, నాన్న గురించి ఏవో చెప్పాడు. చివర్న నేను సంగతి కదిపితే, ఎక్కువసేపు ఆలోచించలేదు. "నీ ఇష్టం అన్నయ్యా. ఎనీవే, అయిపోయింది కదా," అన్నాడు. అనుమతి దొరికింది. కూర్చుని 'చెల్లెమ్మా, పది రోజులు' అని కొట్టాను. 'చెల్లెమ్మా' తీసేశాను. మళ్లీ పెట్టాను. పంపాను. జవాబు రాలేదు. ఆమె మైల పట్టిందో లేదో, ఎన్నాళ్లు పట్టాలో తెలియక ఏ రోజున తలస్నానం చేసిందో నాకు తెలియదు. ఎవరైనా చెప్పినా, చెప్పకపోయినా, పదిరోజులు పదిరోజుల్లోనే అయిపోతాయి.